పందిరి నిండా సొరకాయలు: వండుకునే తీరు, నిల్వ చేసుకునే తీరు

ఆషాఢంలో పెట్టిన సొరపాదు వినాయక చవితి నాటికి పందిరిని కమ్ముకుని, పెరటాసి నెల (సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా సాగే తమిళ మాసం) వచ్చేసరికి ఇంటిల్లిపాదీ తినగలిగిన దానికన్నా ఎక్కువ కాయలు ఇవ్వడం తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పెరడున్న వారికి తెలిసిన సంగతే. ఏం చేయాలో తోచక కాయలను పందిరికే వదిలేసి, ముదిరిన తరువాత కోసి, రుచి లేదని పశువులకు వేసేవారు ఎందరో ఉన్నారు. అంత మంచి కాయ అలా పోవలసిన అవసరం లేదు. ఏ సొరకాయ ఏ వంటకు పనికివస్తుంది, ఏది నిల్వకు నిలుస్తుంది అన్నది ముఖ్యంగా దాని లేతదనాన్ని బట్టి తేలుతుంది. ఎండబెట్టి దాచుకునే పద్ధతులన్నీ మన ప్రాంతపు ఎండకూ వానకూ లోబడి నడుస్తాయి. ఈ రెండింటినీ చూసుకుని పని మొదలుపెడితే పందిరి ఎంత విరగకాసినా కంగారు పడనక్కరలేదు. నిల్వ వంటల్లో పెద్దపీట బూడిద గుమ్మడిదే కాబట్టి దాని సంగతి కూడా ఇందులోనే చెబుతాను.

కోయడం, ఏరడం, చేదు చూడడం

పిందె పడిన సుమారు రెండు వారాలకు సొరకాయ కోతకు వస్తుంది. బొటనవేలి గోరు తొక్కలోకి సులువుగా దిగితే లేతది, నొక్కితే గీత పడి ఆగితే నడివయసుది, గోరు అసలు దిగకపోతే ముదిరినది. పాదుకు ముదురు కాయలు వేలాడుతున్నంత కాలం తీగె తన బలాన్నంతా వాటిలోని విత్తనాలకే పెడుతుంది, కొత్త పిందెలు నిలవడం తగ్గిపోతుంది. అందువల్ల కాయలు ఎక్కువయ్యాయని కోత ఆపడం సరికాదు. రెండు రోజులకొకసారి పందిరి కింద నిలబడి ఆకుల చాటున దాగిన వాటిని కూడా వెతికి కోయాలి. చేత్తో మెలిపెట్టి లాగితే తీగె చీలుతుంది కాబట్టి రెండంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోయడం మంచిది. కోసిన వాటిలో ఈగ కుట్టిన మచ్చలున్నవి, గీరుకుపోయినవి ఆ రోజే వండాలి. తొక్క నున్నగా, దెబ్బ తగలకుండా ఉన్నవే నిల్వకు పోవాలి.

వంటకు ముందు తప్పనిసరిగా చేయవలసిన పని ఒకటుంది. ప్రతి కాయ నుంచీ ఒక చిన్న పచ్చిముక్క కోసి నాలుకకు తగిలించి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి, ఆ కాయ మొత్తాన్ని పారవేయాలి. సొరజాతి కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు అప్పుడప్పుడు ఎక్కువగా చేరుతాయి. ఉడికించినంత మాత్రాన అవి పోవు. బెల్లమో చింతపండో వేసి ఆ చేదును కప్పిపుచ్చడం ఇంకా ప్రమాదకరం. చేదు సొరకాయ రసం తాగినవారికి కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు కలిగి, రక్తపోటు పడిపోయి ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలు మన దేశంలో నమోదయ్యాయి. భారత వైద్య పరిశోధన మండలి ఏర్పాటు చేసిన నిపుణుల బృందం ఈ విషయాన్ని పరిశీలించి, 2012లో ప్రచురించిన నివేదికలో చేదు రసాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తాగవద్దని, తాగాక ఇబ్బంది అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని, దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదని చెప్పింది. కాయలు ఎక్కువగా ఉన్నాయని రోజూ పొద్దున్నే పచ్చి రసం తీసి తాగే అలవాటును నేను ఎవరికీ సూచించను. వండుకోవడానికి ఇన్ని దారులుండగా దాని అవసరమే లేదు.

లేత కాయలు: ఆ వారంలోనే వండుకోవలసినవి

పెరట్లో మొదటి కాపు పెరటాసిలో వచ్చే తిరుమల శనివారాలతో కలిసి వస్తుంది. ఆ నెలంతా మాంసం ముట్టని ఇళ్లు, శనివారం ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా వేయని ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. వాటి రుచి తోడు లేకుండానే నిండుగా ఉండే వంటలు లేత సొరకాయతో ఎన్నో కుదురుతాయి. వాటిలో కూటును ముందు చెప్పాలి. ఒక గ్లాసు పెసరబేడలను పసుపు వేసి సగం ఉడికించి, అందులో అరకిలో సొరకాయ ముక్కలు వేసి మూత పెట్టాలి. నీళ్లు వేరుగా పోయనక్కరలేదు, కాయలోని నీరే చాలుతుంది. ముక్క మెత్తబడ్డాక, అరచిప్ప కొబ్బరి, చెంచా జీలకర్ర, నాలుగు మిరియాలు, రెండు పచ్చిమిరపకాయలు కలిపి నూరిన ముద్ద వేసి రెండు పొంగులు రానిచ్చి, నేతిలో ఆవాలు, ఉద్దిపప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకుతో తిరగవాత పెట్టాలి. ఉప్పు చివరలోనే వేయాలి, ఎందుకంటే ముక్కలు ఉడికి కుంగాక గానీ కూర ఎంత మిగిలిందో తెలియదు.

సంగటి తినే ఇళ్లలో సొరకాయ పప్పును కందిబేడలతో చేసి, పచ్చిమిరప, టమోటా, కొంచెం చింతపండు వేసి పప్పుగుత్తితో బాగా ఎనిపి, ముక్క ఆనవాలు పూర్తిగా పోకుండా ఆపుతారు. రాగి సంగటి ముద్దలో గుంట చేసి ఈ పప్పు పోసుకుని, పైన నెయ్యి వేసుకుంటే వేరే కూర అడగరు. పులుసు చేయదలచినవారు వేరుశనగ గింజలను వేయించి నువ్వులతో కలిపి నూరి అందులో కలిపితే చిక్కదనం వస్తుంది. చిన్న బెల్లం ముక్క వేయడం మన జిల్లా వారికి చెప్పనక్కరలేదు.

తొక్కను పారవేయకూడదు. లేత కాయ తొక్కను సన్నగా తరిగి నూనెలో పచ్చి వాసన పోయేదాకా మగ్గించి, వేయించిన నువ్వులు, ఎండుమిరప, చింతపండు, ఉప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా దంచితే పచ్చడి సిద్ధమవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు బాగుంటుంది. దీనికి వాడే తొక్కను కూడా నాలుకతో చూసుకోవాలి.

నడివయసు కాయలకు మజ్జిగ పులుసు, రొట్టె రెండూ సరిపోతాయి. రొట్టెకు కాయను తురిమి, నీళ్లు పిండకుండా, ఆ తడికి సరిపడా రాగిపిండి గానీ బియ్యప్పిండి గానీ కలిపి, తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిరప, మునగాకు, నువ్వులు చేర్చి పెనం మీద చేత్తో తట్టాలి. ఇలా ఒక్క పూటలో పెద్ద కాయ ఒకటి సులువుగా చెల్లిపోతుంది. మజ్జిగ పులుసులో మజ్జిగ పోశాక మరిగించకూడదు, పొంగు రాబోతుండగా దించాలి. చలికాలం కాపు అందేవారికి ఇంకొక భాగ్యం ఉంది. అనపకాయలు (చిక్కుడు జాతి గింజకాయలు) వచ్చే ఆ రోజుల్లో గింజలను రాత్రి నానబెట్టి పొద్దున పితికి, ఆ పితికిన పప్పును సొరకాయ ముక్కలతో, ధనియాలు, కొబ్బరి, తెల్లగడ్డ నూరిన మసాలాతో పులుసుగా వండితే, ఇడ్లీకీ సంగటికీ అంతకు మించిన జోడీ నాకు తెలియదు. మాంసం తినే ఇళ్లలో వేటమాంసం ముప్పాతిక భాగం ఉడికాక సొరకాయ ముక్కలు వేస్తారు; ముందే వేస్తే అవి కరిగి పులుసులో కలిసిపోతాయి.

చల్లదనంలో దాచడం

కోసిన లేత కాయను కడగకుండా, తడి లేకుండా తుడిచి, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే వారం పది రోజులు నిలుస్తుంది. అంతకన్నా చల్లటి పై అరల్లో పెడితే తొక్క మీద నీటి మచ్చలు పడి త్వరగా కుళ్లుతుంది. ఎక్కువ కాలం కావాలంటే ముక్కలను మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీటిలో వేసి, తడి ఆరబెట్టి, ఒక పూటకు సరిపడే పొట్లాలుగా గడ్డకట్టే అరలో పెట్టాలి. కొన్ని నెలల దాకా అవి పప్పుకూ సాంబారుకూ బాగా పనికివస్తాయి. మెత్తబడతాయి కాబట్టి వేపుడుకు పనికిరావు. తురుమును కూడా పిండి ఇలాగే దాచి హల్వాకు వాడవచ్చు. కరెంటు ఎక్కువసేపు పోయి కరిగిన పొట్లాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా ఆ పూటే వండేయాలి.

ఉడికించిన ముక్కలను సీసాల్లో నింపి గట్టిగా మూత బిగించి బయట ఉంచడం మాత్రం వద్దు. సొరకాయలో సహజమైన పులుపు లేదు. పులుపు లేని తడి పదార్థం గాలి తగలకుండా మూసి ఉన్నప్పుడు బొట్యులిజం అనే ప్రాణాంతకమైన వ్యాధికి కారణమయ్యే సూక్ష్మజీవి అందులో పెరగగలదు, దాన్ని వాసన చూసి పసిగట్టలేము. పచ్చి ముక్కలను ఊరికే నూనెలో ముంచి ఉంచడం కూడా ఇదే కారణంగా కూడదు.

ఎండను నమ్ముకున్న నిల్వలు

మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు దాకా పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే రోజుల తరబడి ముసురు వదలదు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతి అందరికీ గుర్తుంది. ఆ నెలల్లో వడియాలు పెడితే బూజు పట్టడం ఖాయం. పెరటాసి కాపును ఈ వానలకు ముందే ఎండబెట్టుకోవాలి, లేదంటే ఫ్రిజ్‌కూ ఊరగాయకూ మళ్లించాలి. సంక్రాంతి దాటాక ఎండ తేరుకుంటుంది, మార్చి నుంచి మే వరకు మిద్దె మీద పెట్టినది ఏదైనా నిక్కచ్చిగా ఎండుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టిన పాదు సరిగ్గా ఆ ఎండలకే కాపునిస్తుంది కాబట్టి నిల్వకోసమే పెంచదలచినవారు ఆ నాటును ఎంచుకోవడం మేలు.

అన్నిటికన్నా తేలికైనవి ఒరుగులు. గింజ పట్టని కాయ తొక్క తీసి, అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోయాలి. ఉప్పు, పసుపు వేసిన పలుచని పుల్లమజ్జిగను కాచి, అందులో చక్రాలను రెండు నిమిషాలు ఉంచి తీసి, చాప మీద పరిచిన నూలుగుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా వేయాలి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చి, మరునాడు తిరగవేసి పెట్టాలి. మంచి ఎండకు మూడు నాలుగు రోజుల్లో, వంచితే వంగకుండా టక్కున విరిగే స్థితికి వస్తాయి. వంగుతున్నంత వరకు డబ్బాకు ఎత్తకూడదు. సొరకాయలో 95 శాతానికి పైగా నీరే ఉండడం వల్ల కిలో ముక్కలు ఎండితే నూరు గ్రాములు కూడా మిగలవు, పెద్ద కాయలు నాలుగైనా ఒక చిన్న డబ్బాలో సర్దుకుంటాయి. వానాకాలంలో గుప్పెడు ఒరుగులను వేడినీటిలో అరగంట నానబెట్టి పులుసులో వేసుకోవచ్చు, ఎండినవి ఎండినట్టే నూనెలో వేయించుకుని పప్పన్నంలో నంజుకోవచ్చు.

వడియాలకు సొరకాయ పనికివస్తుంది గానీ, బూడిద గుమ్మడి ఇచ్చే గుల్లదనం దానికి రాదు. రెండూ కాసిన ఇంట్లో సొరకాయను ఒరుగులకు, గుమ్మడిని వడియాలకు కేటాయించడం నా సలహా. గుమ్మడి బాగా ముదిరి, ఒంటినిండా తెల్లటి బూడిద పట్టినదై ఉండాలి. నిండు గుమ్మడికాయకు మొదటి దెబ్బ మగవారే వేయాలన్న ఆనవాయితీని పాటించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మూడు కిలోల కాయకు అరకిలో పొట్టు ఉద్దిపప్పు సరిపోతుంది. తొక్క తీయకుండానే లోపలి మెత్తటి దూదినీ గింజలనూ తీసివేసి, గోరంత ముక్కలుగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి మూడు గంటలు ఉంచాలి. తరువాత పలుచని గుడ్డలో మూట కట్టి, జల్లెడ మీద పెట్టి, పైన రుబ్బుడు గుండు పెట్టి రాత్రంతా వదలాలి. కారిన ఉప్పునీటిని పారబోయకుండా గిన్నెలో పట్టుకోవాలి.

అదే రాత్రి నానబెట్టిన పప్పును తెల్లవారుజామున పొట్టు కొంత మిగిలేలా కడిగి, పచ్చిమిరపకాయలు, అల్లం, ఇంగువతో కలిపి గట్టిగా రుబ్బాలి. పిండి తిరగకపోతే మామూలు నీరు కాకుండా ఆ పట్టిన ఉప్పునీటినే చెంచాలతో చల్లుకోవాలి, దానిలో కాయ రుచి ఉంటుంది. పిండి పలచనైతే వడియం చదునై గట్టిపడుతుంది. చేత్తో తీసి జారవిడిస్తే ముద్దగా పడాలి. ముక్కలు, జీలకర్ర కలిపాక రుచి చూసుకుని, అప్పుడు గానీ మరింత ఉప్పు వేయకూడదు, ముక్కల్లో ముందే కొంత చేరి ఉంటుంది. సూర్యుడు పైకి రాకముందే మిద్దె ఎక్కి, తడిపి పిండిన పాత పంచె మీద ఉసిరికాయంత ముద్దలు పెట్టాలి. రెండో రోజు సాయంత్రం గుడ్డను తిరగవేసి వెనుకవైపు నీళ్లు చిలకరిస్తే వడియాలు విరగకుండా ఊడివస్తాయి. వాటిని చేటలో పోసి మరో మూడు నాలుగు ఎండలు ఎండనివ్వాలి. ఒకటి పగలగొట్టి చూసి, మధ్యలో తడి చాయ లేకపోతేనే గాలి చొరని డబ్బాలో పోయాలి. ఏడాది పొడవునా నిలుస్తాయి. మధ్యలో ఒకసారి, ముఖ్యంగా వానలు వెళ్లాక, ఎండ చూపించాలి. వేయించేటప్పుడు నూనె పొగలు కక్కకూడదు, మధ్యస్థపు వేడిలోనే లోపలి దాకా గుల్లవిచ్చుతాయి.

ఊరగాయ, తీపి

సొరకాయకు సొంత పులుపు లేదు కాబట్టి ఊరగాయలో చింతపండు భారీగా పడాలి, నీరు ముందుగా పోవాలి. కిలో నడివయసు కాయ తొక్కా గింజా తీసి, బొటనవేలి కొసంత ముక్కలు కోసి, 60 గ్రాముల ఉప్పు, పసుపు కలిపి రాత్రంతా ఉంచాలి. పొద్దున ముక్కలను పిండి ఒక పూర్తి ఎండలో తోలులా అయ్యేదాకా ఎండబెట్టాలి. మిగిలిన ఉప్పునీటిలో 150 గ్రాముల చింతపండు నానబెట్టి, గుజ్జు తీసి, చిక్కగా ఉడికించి చల్లార్చాలి. అందులో ముక్కలు, 75 గ్రాముల కారం, రెండు చెంచాల ఆవపిండి, చెంచా వేయించిన మెంతిపిండి కలిపి, పావు లీటరు నువ్వుల నూనెను ఇంగువతో కాచి చల్లార్చి పోయాలి. మూడో రోజుకు ముక్క ఊరుతుంది. మామిడి ఆవకాయలా ఏడాది జాడీలో ఉంచదగినది కాదు ఇది. ఫ్రిజ్‌లో ఉంచి, తడి చెంచా తగలనీయకుండా, ఒకటి రెండు నెలల్లో ముగించాలి.

హల్వాకు కిలో తురుమును పిండి, ఆ రసాన్ని పప్పులోకి వాడుకుని, తురుమును నాలుగు చెంచాల నేతిలో పచ్చి వాసన పోయేదాకా వేయించి, ముప్పాతిక లీటరు పాలు పోసి అవి ఇంకిపోయాక 300 గ్రాముల చక్కెర వేయాలి. చక్కెర ముందే వేస్తే తురుము బిరుసెక్కుతుంది. చిత్తూరు బెల్లం వాడదలచినవారు పాలు పూర్తిగా ఇంకి, పొయ్యి దించి కాస్త చల్లారాక, కరిగించి వడకట్టిన పాకాన్ని కలపాలి. వేడి పాలల్లో బెల్లం పడితే విరుగుతాయి. బూడిద గుమ్మడితో చేసే కాశీ హల్వాలో పాలు అవసరం లేదు, పిండిన రసంలోనే తురుమును ఉడికించి చక్కెర, నెయ్యి, కుంకుమపువ్వు వేస్తారు.

ఎక్కువ రోజులు నిలిచే తీపి కావాలంటే ఆగ్రా పేఠా పద్ధతి ఉంది. కిలో బూడిద గుమ్మడి ముక్కలను పుల్లతో అన్ని వైపులా పొడిచి, లీటరున్నర నీటిలో రెండు చెంచాల తమలపాకు సున్నం కలిపి తేర్చిన తేటలో రాత్రంతా ఉంచాలి. సున్నంలోని కాల్షియం ముక్క పైపొరను గట్టిపరచడం వల్ల పాకంలో ఎంత ఉడికినా అది చెదరదు. పొద్దున ఐదారు నీళ్లు మార్చి సున్నం ఏమాత్రం మిగలకుండా కడిగి, వేడినీటిలో అద్దంలా కనిపించేదాకా ఉడికించి, కిలో చక్కెర పాకంలో వేసి రెండు తీగెల పాకం వచ్చాక దించాలి. మరునాడు పాకం వడగట్టి, ముక్కలను జల్లెడ మీద ఆరబెట్టాలి.

ముదిరిపోయినవి, విత్తనానికి ఉంచవలసినవి

చూపు తప్పి ముదిరిన సొరకాయను నిలువునా చీల్చి, గింజల గుజ్జు పూర్తిగా తీసివేస్తే, తొక్కకు ఆనుకుని ఉన్న అంగుళం కండ సాంబారుకూ హల్వాకూ పనికివస్తుంది. ముదిరిన బూడిద గుమ్మడికి ఆ బెంగ లేదు. తొడిమతో సహా కోసి, ఒంటి మీది బూడిద చెరిగిపోకుండా ఉట్టిలోనో, గడ్డి పరిచిన నీడపట్టునో నేలకు తగలకుండా ఉంచితే నెలల తరబడి చెడదు. ఆ బూడిద మైనపు పూత, కాయలోని తడిని అదే కాపాడుతుంది.

విత్తనం కోసం పాదుకు ఒక్క కాయ చాలు, అది కూడా కాపు ముగింపుకు వచ్చిన తరువాత వదలాలి. కదిపితే గింజలు గలగలలాడేదాకా పందిరి మీదే ఎండనివ్వాలి. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పురుగులు ఒక పాదు పుప్పొడిని మరొకదానికి చేరుస్తాయి. అందువల్ల పెరట్లో ఏ పాదైనా ఒక్క చేదుకాయ ఇచ్చి ఉంటే ఆ ఏడు అక్కడి విత్తనమేదీ దాచకుండా కొత్తది తెచ్చుకోవాలి. నలుగురైదుగురున్న ఇంటికి ఒక్క పాదు సరిపోతుంది. రెండు కావాలనుకుంటే మొదటిది పెట్టిన నెలకు రెండోదాన్ని పెట్టాలి, అప్పుడు ఒకటి కాపు తగ్గే వేళకు మరొకటి అందుకుంటుంది.